ఆరు సెకండ్ల విద్య



మానవుడు యంత్రబలముతో తొలిసారి గాలిలోని కెగిరిన కథను చెప్పువారు ఎగురుటనే వర్ణింతురు గాని, దిగుటను గూర్చి అంతగా ప్రస్తావింపరు. 1903వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన, అమెరికాలో కిట్టీహాక్ చెంతనున్న ఇసుకదిబ్బలపై, నాణెమెగురవేసి తొలి వంతును గెలుచుకొన్న విల్బర్ రైట్, విమానము పట్టాను విడిచినంతనే దాని ముక్కును మితిమీరి పైకెత్తగా, అది మూడున్నర సెకండ్లు మాత్రమే గాలిలో నిలిచి, వేగముడిగి, ఇసుకపై కూలబడి దెబ్బతిన్నది. మరమ్మతులు ముగిసిన పిదప 17వ తేదీన విల్బరును అతని తమ్ముడును వంతులవారీగా నాలుగుసార్లు ఎగిరిరి. నాలుగవసారి 59 సెకండ్లలో 852 అడుగులు సాగి చరిత్రకెక్కిన ఆ విమానమే నేలకు దిగునప్పుడు ముక్కును ఎత్తి దించు తన ముందరి ఎలివేటరు ఆధారమును విరుగగొట్టుకొన్నది. అటుపిమ్మట ఇంచుమించు ఆరేండ్లకు, 1909 జూలై 25న, ఇంగ్లీషు ఛానెలును విమానముపై దాటిన మొదటివాడైన ఫ్రెంచి దేశస్థుడు లూయీ బ్లేరియో, డోవరు కోట ప్రక్కనున్న పచ్చికబయలులో, విసురుగాలి నడుమ, చక్రముల కూర్పును ప్రొపెల్లరును విరుగగొట్టుకొని దిగెను. లోకమాయనను పూలమాలలతో ముంచెత్తినది; చక్రముల సంగతి ఎవ్వరును అడుగలేదు.

నేడు నేను ముచ్చటింపబోవునది అట్టి చరిత్రపురుషులను గూర్చి కాదు. వైమానిక శిక్షణాలయములలో చేరి, ఇద్దరు మాత్రమే కూర్చుండగల చిన్న విమానములో పైకి లేచుట నేర్చి, క్రిందికి దిగుట నింకను నేర్చుచున్న పదునెనిమిది ఇరువదేండ్ల యువతీయువకులను గూర్చి. శిక్షార్థి ఒంటరిగా విమానము నడుపుచుండగా జరుగు ప్రమాదములలో అధికభాగము దిగునప్పుడే జరుగుననియు, వానిలో ప్రాణము తీయునవి మిక్కిలి తక్కువ అనియు, తేలిక విమానములు విరివిగా ఎగురు అమెరికా వంటి దేశముల నివేదికలు ఏటేట తెలుపుచునే యున్నవి. ముక్కు చక్రము విరుగును. ప్రొపెల్లరు కొసలు వంగును. రెక్క కొన నేలను గీచుకొనును. శిక్షార్థి తలుపు తెరచుకొని తనకు తానే దిగి వచ్చి గడ్డిలో నిలుచును. మరణము లేదు గనుక పత్రికలలో వార్త రాదు. వార్త రాదు గనుక లోకమునకు తెలియదు. తెలిసిన కొద్దిమందియు దానిని చేతి పొరపాటుగా తీసివేయుదురు. నాకు మాత్రము ఆ మాట రుచింపదు. చేయి తప్పుటకు అరనిమిషము ముందే, ఒక్కొక్కప్పుడు రెండు నిమిషముల ముందే, తప్పు జరిగిపోయి యుండుననియు, చేయి దానిని బయటపెట్టుట మాత్రమే చేయుననియు నా అభిప్రాయము. అది ఎట్లో కొంచెము వివరించెదను.

మొదట కాలపు లెక్క చూతము. మన దేశమున అనేక శిక్షణాలయములలో వాడుకలోనున్న సెస్నా 152 అను విమానమును తీసికొందము. దాని ఇంజిను 110 అశ్వబలములది; ఈ కొననుండి ఆ కొనకు రెక్కల నిడివి సుమారు పది మీటర్లు; మనుష్యులతోను పెట్రోలుతోను కలిపి దాని బరువు 757 కిలోగ్రాములకు మించరాదు. రన్‌వేను సమీపించునప్పుడు ఇది ఇంచుమించు 60 నాట్ల వేగముతో, అనగా సెకండునకు ముప్పది మీటర్ల చొప్పున, సాగుచుండును. శిక్షార్థి దీనిలో గంటసేపు రన్‌వే చుట్టును తిరుగుచుండును: పైకి లేచుట, ప్రక్కకు మళ్ళుట, రన్‌వేకు సమాంతరముగా వెనుకకు పోవుట, మరి రెండు మలుపులు తిరిగి దిగుట, చక్రములు తాకి కొంచెము పరుగెత్తినంతనే మరల లేచుట. ఒక్కొక్క ప్రదక్షిణమునకు ఆరు నిమిషములు పట్టినచో గంటలో పదిసార్లు దిగవచ్చును. కాని దిగుటలోని అసలు విద్య, అనగా జారివచ్చుచున్న విమానమును నేలకు కొద్ది ఎత్తున నిలిపి, వేగము తగ్గినకొలది ముక్కును మెల్లమెల్లగా ఎత్తుచు, వెనుక చక్రములను నేలకు అందించుట, ఆరు సెకండ్ల పని. పది ఆరులు అరువది. గంటసేపటి పెట్రోలునకును ఇంజినునకును శిక్షకునికిని రుసుము చెల్లించిన శిక్షార్థి ఆ విద్యను అభ్యసించినది ఒక్క నిమిషము. నూరుసార్లు దిగినవాడు పది నిమిషములు అభ్యసించినవాడు. మిగిలిన కాలమంతయు ఆ విద్య చెంతకు చేరుటకై చేసిన ప్రయాణము. మన దేశమున ప్రైవేటు పైలటు లైసెన్సునకు 40 గంటలు, వాణిజ్య లైసెన్సునకు 200 గంటలు ఎగిరి యుండవలెనని నియమము. ఆ గంటలను చూచి, ఇంత అభ్యాసము చేసియు సరిగా దిగలేడేమని ఆశ్చర్యపడువారు ఈ నిమిషముల లెక్క వేసికొనరు.

ఇంతకును ఆ ఆరు సెకండ్లలో జరుగునదేమి? రెక్క గాలి నెదుర్కొను కోణము పెరిగినకొలది, ఒక హద్దు వరకు, అది మోయగల బరువు పెరుగును. హద్దు మీరినచో రెక్కమీది గాలి ఒరసి ప్రవహించుట మాని చెదరిపోవును, ఆ మోయుశక్తి హఠాత్తుగా తగ్గును. దీనికి స్టాల్ అని పేరు. జర్మనీలో పుట్టి అమెరికాలో పరీక్షా వైమానికుడుగా పనిచేసిన వుల్ఫ్‌గాంగ్ లాంగవీష, 1944లో వెలువడిన తన ‘స్టిక్ అండ్ రడ్డర్’ గ్రంథమున ఈ కోణమునకే అగ్రపీఠ మొసగినాడు. ఐదువందల అడుగుల ఎత్తున స్టాల్ భయహేతువు. జానెడెత్తున అదియే కోరదగినది. కిట్టీహాక్ ఇసుకపై విల్బరును కూలద్రోసిన స్థితినే శిక్షార్థి బుద్ధిపూర్వకముగా, తగిన చోట, తగిన ఎత్తున, కొని తెచ్చుకొనవలసి యున్నది. ఇందు నేల కల్పించు చిక్కొకటి కలదు. విమానము రెక్కల నిడివిలో పదియవ వంతు ఎత్తునకు దిగివచ్చినప్పుడు, మోయుశక్తి మూలమున కలుగు వెనుకలాగుడు ఇంచుమించు సగమగును. అందుచే, అంతవరకు బుద్ధిగా దిగివచ్చుచున్న విమానము నేలను సమీపించగనే దిగుటకు ఇష్టపడనట్లు తేలుచు ముందుకు పోవును. వేగ మేపాటి హెచ్చుగానున్నను ఆ తేలుట మరింత దీర్ఘమగును. క్రింద రన్‌వే జరిగిపోవుచున్నది. ముందు మిగిలినది తరిగిపోవుచున్నది. చక్రములు మాత్రము తాకుట లేదు. అప్పుడు శిక్షార్థి, నేలను తానే వెదకికొని పోవువానివలె, ముక్కును క్రిందికి నెట్టును. వినాశమునకు బీజ మదియే.

ఆ తరువాతి ఘట్టమును కొంచెము నిదానముగా చూతము. ముక్కు వంగుటచే మూడు చక్రములలో ముక్కు చక్రము మొదట తాకును. ఆ తాకిడికి ముక్కు పైకి లేచును. రెక్కల కోణము పెరుగును. వేగమింకను మిగిలియుండుటచే విమానము మరల నిలువెత్తు లేచును. అద్దములో ఇప్పుడు ఆకాశము తప్ప వేరొకటి కానరాదు. శిక్షార్థి బెదరి నియంత్రణమును ముందుకు నెట్టును. మానవుని కన్ను చూచుటకును, చేయి కదలుటకును, విమానము స్పందించుటకును నడుమ కొంత ఆలస్యము తప్పదు గదా. అతడు నెట్టిన నెట్టు ఫలించునప్పటికి విమానము తనంతట తానే ముక్కు దించుకొనుచుండును. రెండును ఏకమై ముక్కు చక్రము ఈసారి మరింత బలముగా నేలను కొట్టును. రెండవ ఎగురు మొదటిదానికంటె ఎత్తు, వేగము మాత్రము తక్కువ. దానిని సరిదిద్దబోయి మరల నెట్టును. మూడవసారి ముక్కు చక్రపు కాలు నిలువజాలదు. అది మడతపడి, తిరుగుచున్న ప్రొపెల్లరు రన్‌వేను నరకును. మొదటి తాకిడికిని ప్రొపెల్లరు ఆగుటకును నడుమ గడచునది కొద్ది సెకండ్లే. మొదటి ఎగురుననే ముక్కును నెట్టక, దిగుటకు తగిన భంగిమలో దానిని స్థిరముగా పట్టి, కొంచెము థ్రాటిల్, అనగా ఇంజిను బలము, ఇచ్చినచో విమానము మరల మెత్తగా దిగును. ఎగురు పెద్దదైనచో పూర్తి థ్రాటిల్ ఇచ్చి లేచిపోవుటయే మేలు. ఇది పుస్తకమున ఒక వాక్యము. ఆ క్షణమున మాత్రము, భయపడినవాని చేయి నేలవైపునకే పోవును.

విరిగిన విమానమును షెడ్డునకు ఈడ్చుకొని వచ్చిన తరువాత మెకానిక్కు చేయు పనిని చూచినవారికి ఆ దెబ్బ ఎంత లోపలికి పోయినదో తెలియును. ప్రొపెల్లరు మార్చుటతో పని ముగియదు. తిరుగుచు తిరుగుచు హఠాత్తుగా ఆగిన ఇంజినును విప్పి, క్రాంక్‌షాఫ్టును బయటకు తీసి, కంటికి కానరాని బీటలకై పరీక్షింపవలెను. దాని వెనుక కొసనున్న గేరును, ఆ గేరును పట్టియుంచు ఒక్క బోల్టును మిక్కిలి శ్రద్ధగా చూడవలెను, ఏలనన ఆ గేరు సడలిన ఇంజిను మరియొకనాడు, మరియొక శిక్షార్థి చేతిలో, గాలిలో నాగిపోవచ్చును. సెస్నాలలో ముక్కు చక్రపు కాలు ఇంజినునకును కూర్చుండువారికిని నడుమనున్న రేకు గోడకు బిగింపబడి యుండును. చక్రము విరుగకపోయినను, మొరటుగా దిగిన విమానపు ఆ గోడపై సన్నని ముడుతలు పడును; రివెట్ల తలలు వదులగును. అనుభవశాలియైన మెకానిక్కు టార్చిలైటు అడ్డముగా పట్టి, ఆ వెలుతురులో రేకుపై నీడల తేడాను చూచి, ఎవ్వరును ఒప్పుకొనని మొరటు దిగుటలను గుర్తించును. శిక్షార్థి చెప్పక దాచిన సంగతి రేకు చెప్పును.

దృష్టి నెచ్చట నిలుపవలెనన్నది వేరొక సమస్య. క్రొత్తవాడు సహజముగా తాను తాకబోవు చోటును, అనగా ముక్కునకు ముందున్న నేలను, చూచును. సెకండునకు ముప్పది మీటర్ల చొప్పున వెనుకకు పారిపోవు నేల కంటికి మసకమసకగా కనబడును గాని ఎత్తును తెలుపదు. రన్‌వే తుదకొసపై చూపు నిలిపినవానికి, కంటికి ఇరుప్రక్కల రన్‌వే అంచులు విచ్చుకొను తీరునుబట్టి తన ఎత్తు తెలియును. ఈ అంచుల తెలివియు ఒక్కొక్కప్పుడు మోసగించును. వెడల్పైన రన్‌వేకు అలవాటుపడినవాడు ఇరుకైన రన్‌వేను చూచి తా నెత్తున నున్నానని భ్రమించి కావలసినదానికంటె లోతుగా దిగును. ఇరుకుదానికి అలవాటుపడినవాడు వెడల్పుదాని ముందు నేల దగ్గరపడినదని తలచి, ఇంకను ఎత్తుననే విమానమును నిలిపి, అచ్చటనుండి ధబాలున పడును. తన విద్యాలయపు రన్‌వేపై చక్కగా దిగు శిక్షార్థి దూరప్రయాణమున వేరొక ఊరిలో తడబడుటకు ఇది ముఖ్యకారణములలో నొకటి.

మొదటిసారి ఒంటరిగా ఎగురునాడు మరియొక వింత జరుగును. ప్రక్కనున్న శిక్షకుడు దిగిపోవును. ఆయన బరువు డెబ్బదియైదు కిలోగ్రాములనుకొన్నచో, విమానపు బరువులో పదియవ వంతు దిగిపోయినదన్నమాట. విమానము అలవాటుకంటె చురుకుగా లేచును. స్టాల్ వేగము నూటికి ఐదుపాళ్ళు తగ్గును. శిక్షార్థి నేర్చిన వేగముననే దిగుటచే అది మునుపటికంటె ఎక్కువ దూరము తేలిపోవును. శిక్షకుని నోటిమాట వినబడని ఆ పూటనే, విమానము నిన్నటివరకు ప్రవర్తించినట్లు ప్రవర్తింపదు. చాలమంది శిక్షకులు ఈ సంగతిని ముందుగా చెప్పుదురు. చెప్పని వారిని నేను క్షమింపలేను.

నేర్చుకొనువారి తడబాటును గూర్చి మాటలాడునప్పుడు ఆమీ జాన్సనును స్మరింపకుండ ఉండజాలను. లండనులో ఒక న్యాయవాది కార్యాలయమున ఉద్యోగము చేయుచు, 1928లో స్టాగ్ లేన్ విమానక్షేత్రమున విద్య నారంభించిన ఈ యువతి, పదునాఱేండ్ల పిల్లలును సాధించు ఒంటరి ప్రయాణమునకు చాలమందికంటె ఆలస్యముగా అనుమతి పొందినది. ఇంజిను పనిలో మాత్రము ఆమె గట్టిది. గ్రౌండు ఇంజినీరు లైసెన్సు పొందిన బ్రిటిషు స్త్రీలలో ప్రథమురాలు. నూరుగంటలైనను నిండని వైమానికానుభవముతో, 1930 మే 5న, ‘జేసన్’ అను పేరుగల జిప్సీ మాత్ విమానములో క్రాయిడనునుండి ఒంటరిగా బయలుదేరి, కరాచి, ఝాన్సీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా వచ్చి, రంగూను చెంత, ఆనాడు మన తెలుగు కూలీలు వేలాదిగా కాపురముండిన ఆ నగరపు శివార్లలో, కుండపోత వానలో ఇన్సేన్ ఆటస్థలమున దిగి, ఆగలేక గోతిలోనికి పోయి ప్రొపెల్లరు విరుగగొట్టుకొన్నది. అచ్చటి సాంకేతిక విద్యాలయపువారి సాయముతో బాగుచేయించుకొని, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విను చేరినది. లోకము జేజేలు పలికినది. ఐదుదినముల తరువాత, వేలాదిమంది ఎదురుచూచుచుండిన బ్రిస్బేనులో, దిగవలసిన చోటు దాటిపోయి, కంచెను చీల్చుకొని, విమానమును తలక్రిందులు చేసినది. ఆమెకు గాయము కాలేదు. పదునొకండువేల మైళ్ళు సముద్రములమీదను ఎడారులమీదను విమానము నడిపిన మనిషి, చదునైన మైదానమున చివరి కొద్దివందల గజములలో ఓడినది. ఎగురుటయు దిగుటయు ఒక్క విద్య కాదని చెప్పుటకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము నాకు తెలియదు. అలసటయు, జనసందోహము చూచుచున్నదను సంకోచమును అచ్చట తమ పాలు తాము నిర్వహించియుండుననుటలో సందేహము లేదు. ఎవ్వరును చూడనిచో ఆమె బహుశః మరియొకసారి చుట్టు తిరిగి వచ్చియుండునేమో.

యంత్రమును మార్చి దిగుటలోని ఈ బాధను తొలగింపజూచినవారును లేకపోలేదు. ఆనాటి మాత్ విమానములకు తోకక్రింద నేలను రాచుకొనిపోవు స్కిడ్డును, తరువాత మన హిందుస్థాన్ విమాన కర్మాగారము బెంగుళూరులో నిర్మించిన హెచ్.టి.-2, పుష్పక్ విమానములకు చిన్నచక్రమును ఉండెడివి. అట్టివానిలో బరువు ప్రధాన చక్రములకు వెనుకనుండుటచే, నేలమీద పరుగెత్తునప్పుడు కొంచెము వంకర పోయినను ఆ వంకర తనంతట పెరుగును. కాడిని పట్టుకొని ఎద్దులబండిని వెనుకకు నెట్టి చూచినవారికి ఈ స్వభావము విశదము. ఒక్క క్షణము చుక్కాని మరచిన శిక్షార్థి, తోక ముందుకు వచ్చునట్లు గిరగిర తిరిగి, రెక్క కొనను నేలకు రాచును. అమెరికాలో ఫ్రెడ్ వైక్ అను ఇంజినీరు చక్రమును ముక్కు క్రిందికి మార్చి, చుక్కానిని రెక్కల నియంత్రణముతో జతచేసి, ముక్కును అతిగా ఎత్తుటకు వీలులేకుండ చేసి, ఎర్కూప్ అను విమానమును 1937లో ఎగురవేయించినాడు. 1956లో సెస్నా 172 అంగడిలోనికి వచ్చినప్పుడు దాని ముక్కు చక్రపు ఏర్పాటునకు ఆ కంపెనీ ల్యాండ్-ఓ-మాటిక్ అని నామకరణము చేసినది. అనగా దిగుటయు ఇకమీదట యంత్రమే చూచుకొనునని ధ్వని. ఆ విమానములు నలుబదినాలుగువేలకు పైగా నిర్మింపబడినవి. గిరగిర తిరుగుట చాలవరకు తగ్గినది, నిజమే. దాని స్థానమున ముక్కు చక్రములు విరుగుట వచ్చినది. వ్యాపారప్రకటనలకు భూమ్యాకర్షణశక్తి లొంగలేదు.

ఇక నేను మొదట పలికిన మాటకు వత్తును. ఆరు సెకండ్లలో దిద్దుకొనుటకు వ్యవధి లేదు. వ్యవధి ఉన్నది అంతకు ముందు. వేగము నూటికి పదిపాళ్ళు హెచ్చినచో, దానిని అణచుటకు కావలసిన దూరము నూటికి ఇరువదియొక పాళ్ళు హెచ్చును. ఇది వర్గముల లెక్క, వాదమునకు తావులేదు. ఆ పదిపాళ్ళను రన్‌వేకు మైలు దూరముననే వదిలించుకొనవచ్చును. రన్‌వేపై అడుగెత్తున వదిలించుకొనలేము. మన ప్రాంతమున ఎండయు దీనికి తోడగును. హైదరాబాదులోని బేగంపేట విమానక్షేత్రము సముద్రమట్టమునకు 1,742 అడుగుల ఎత్తున నున్నది. వేడిమి 40 డిగ్రీలకు చేరిన మే మాసపు మధ్యాహ్నమున అచ్చటి గాలి, ప్రామాణిక వాతావరణములో ఐదువేల అడుగుల పైచిలుకు ఎత్తున నుండు గాలియంత పలుచబడును. వేగసూచిక 60 చూపుచున్నప్పుడు విమానము నిజముగా 65 నాట్ల వేగమున పోవుచుండును. ఆగుటకు పట్టు పరుగు ఆరవవంతు పెరుగును. నేల వడివడిగా కదలుటను చూచిన శిక్షార్థి, తన వేగము హెచ్చినదని భ్రమించి, సూచికను నమ్మక, ఉండవలసినదానికంటె తగ్గించును. అప్పుడు తేలుటకు బదులు ధబాలున పడుట సంభవించును. అడ్డుగాలి సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు: గాలి వచ్చు వైపునకు రెక్క వంచి, చుక్కానితో ముక్కును రన్‌వేకు సూటిగా నిలిపి, ఒంటి చక్రముపై దిగు నేర్పు అలవడువరకు, అట్టి గాలిలో శిక్షార్థిని ఒంటరిగా పంపరాదు. సెస్నా 152కు పరీక్షలలో నిరూపింపబడిన అడ్డుగాలి 12 నాట్లు. నిరూపించినవాడు పరీక్షా వైమానికుడు, నిన్న చేరిన విద్యార్థి కాడు.

ప్రాణాంతకమైన తప్పు మాత్రము నేలను తాకుటకు ఒక నిమిషము ముందు, చివరి మలుపులో, పొంచియుండును. రన్‌వే తిన్ననికి మళ్ళుట ఆలస్యమై దానిని దాటిపోవుచున్న శిక్షార్థి, రెక్కను మరింత వంచుటకు జంకి, కాలితో చుక్కానిని త్రొక్కి ముక్కును బలవంతముగా రన్‌వేవైపునకు త్రిప్పును. ముక్కు క్రిందికి జారును. దానిని పైకి లాగును. లోపలివైపు రెక్క ముందుగా స్టాలై, విమానము మెలితిరిగి పడును. సరిదిద్దుకొనుటకు అచ్చట ఎత్తు చాలదు. ప్రొపెల్లర్లు వంగు ప్రమాదముల నడుమ అరుదుగా వినవచ్చు మరణవార్తల వెనుక తరచుగా నుండునది ఈ మలుపే.

ఈ తప్పులన్నిటికిని విరుగుడు ఒక్కటే కలదు: దిగుట మానుకొని మరల లేచిపోవుట. దీనిని గో-అరౌండ్ అందురు. రన్‌వేను దాటిపోయితివా, లేచిపొమ్ము. వేగము హెచ్చెనా, లేచిపొమ్ము. మొదటి ఎగురున బెదరితివా, లేచిపొమ్ము. ఖర్చగునది ఆరు నిమిషముల పెట్రోలు. అయినను శిక్షార్థులు లేచిపోరు, ఏల? ఒక కారణము నేర్పు చాలకపోవుట. దిగుటకు సర్దుకొన్న విమానమునకు హఠాత్తుగా పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు బలముగా పైకి లేచును, ఎడమకు లాగును. ఒక చేతితో దానిని అదిమిపట్టి, కాలితో సూటిగా నిలిపి, రెండవ చేతితో కార్బురేటరున మంచు పట్టకుండ పెట్టిన వేడిని ఆపి, దిగుటకై రెక్కల వెనుక అంచున దించిన ఫ్లాపులను ఒక్కుమ్మడి కాక మెట్టుమెట్టుగా ఎత్తవలెను. తొందరపడి ఫ్లాపులను ఒకేమారు ఎత్తివేసినవాడు లేచిపోవుటకు బదులు దిగజారును. పది పర్యాయములు చక్కగా దిగు విద్యార్థికి ఈ పని చేయవలసిన అవసరమే రాదు. వచ్చినరోజున అలవాటు ఉండదు. రెండవ కారణము సిగ్గు. తోటివారు గట్టున నిలిచి చూచుచుందురు. కంట్రోలు టవరు వినుచుండును. లేచిపోయినవాడు దిగలేకపోయినాడని నవ్వుదురేమోనని శంక. ఈ శంకను పెంచునదియు, త్రుంచునదియు విద్యాలయమే. నా మాట అడిగినచో, ప్రతి శిక్షార్థియు ప్రతి గంటలోను ఒక్కసారియైనను, ఏ తప్పును లేకున్నను, కారణము చెప్పక లేచిపోవలెనని నియమింపవలెను. అప్పుడు గట్టుమీదివారికి నవ్వుటకు ఏమియు మిగులదు.

శిక్షకుని పని ఇంతకంటె కష్టము. ఆయన చేతులు ఒడిలో నుండును, కండ్లు రన్‌వేమీదను శిష్యుని పిడికిలిమీదను ఉండును. నియంత్రణమును తెల్లబారునంత గట్టిగా పట్టుకొన్న వ్రేళ్ళు రానున్న తప్పును ముందే చెప్పును. ఒక్క క్షణము ముందుగా చేయి చేసికొన్నచో శిష్యుడు తన తప్పును చూడలేదు గనుక నేర్వలేడు. ఒక్క క్షణము ఆలస్యమైనచో విమానము విరుగును. గంటల లెక్కకై తొందరపడు యువశిక్షకుడు, తన చేయియే మెల్లగా సాయపడుచుండగా శిష్యుడు బాగుగా దిగుచున్నాడని పుస్తకమున వ్రాసి, వానిని ఒంటరిగా పంపుట కలదు. పంపిననాడు ఆ చేయి ప్రక్కనుండదు.

ఆరు సెకండ్లను పొడిగించు ఉపాయ మొకటి తెలిసిన శిక్షకుల వద్ద కలదు. విమానమును రన్‌వేపై అడుగు రెండడుగుల ఎత్తునకు దింపి, థ్రాటిలును తామే సర్దుచు, చక్రములు తాకనీయక, దిగు భంగిమలోనే శిష్యునిచేత నిడివిగా నడిపించి, తుదకు లేచిపోవుదురు. పెద్ద విమానములు 2008లో శంషాబాదునకు తరలిపోయిన పిమ్మట ఖాళీపడిన బేగంపేట రన్‌వే మూడువేల మీటర్లకు మించినది. దానిలో సగము మేర ఇట్లు నడిపినను ఏబది సెకండ్లు దక్కును, అనగా గంటసేపటి ప్రదక్షిణములలో దొరకునంత అభ్యాసము ఇంచుమించుగా ఒక్క పోకలో దొరకును. అంచులు కంటికి ఎట్లు కనబడవలెనో, ముక్కు ఎంత ఎత్తున నుండవలెనో, గాలి ఎటు త్రోయుచున్నదో శిష్యుడు తీరికగా గమనించును. రెండుమూడు పోకల తరువాత థ్రాటిలును పూర్తిగా తగ్గించి, చక్రములను తాకనిత్తురు. ఈ అభ్యాసమును ఎండ ముదిరిన తరువాత పెట్టరాదు. వేడి నేలనుండి లేచు గాలి ఆ ఎత్తున విమానమును కుదురుగా నిలువనీయదు గనుక, ఉదయము ఎనిమిది గంటలలోపుగనే ముగించుట మంచిది.